వంతెన మీంచి వచ్చిన వంశం

ఏదీ, ఆ కాగితం ఇలా తే. అద్దాలు నా నెత్తి మీదే ఉన్నాయిలే, వెతక్కు. ఓహో, సర్ హంఫ్రీ టోజర్. గుర్రం కూడా ఉందే. కంప్యూటర్లో దొరికాడా? అమ్మాయ్, నువ్వు అచ్చం మీ తాత మనవరాలివి. మా అన్న లయొనెల్‌కీ ఇదే పిచ్చి ఉండేది. టోజర్లంటే వీరులనీ, ఎక్కడో మనకో కోట ఉండే ఉంటుందనీ, చెక్క మీద సింహం బొమ్మ వేయించి తలుపు పక్కన కొట్టించాడు. పోస్టుమాన్ అది చూసి, కుక్క భలే ముద్దుగా ఉందండీ అనేవాడు. నేను రైల్వేలో రిటైరై ఇంటికొచ్చానో లేదో, ఖాళీగా కూర్చుని గోళ్లు గిల్లుకోవడం దేనికిరా, పోయి ఆ వీరుడెవరో పట్టుకురా అని నన్ను ఎక్సెటర్లో పాత పుస్తకాలు దాచే రికార్డాఫీసుకి తోలాడు. టిక్కెట్టు నాకు ఊరికే వస్తుంది కదా, అదీ ఆయన లెక్క.

పోయాను. ఆ పాత రాత చూస్తే నీకు కళ్లు తిరుగుతాయి. సిరాలో పడ్డ జెర్రి కాగితం మీద పాకినట్టుంటుంది. చదవడం పట్టుబడేసరికి ఒక చలికాలం గడిచిపోయింది. మన ఊరి చర్చి చావుపుట్టుకల పుస్తకాల్లో కొడుకు నుంచి తండ్రికి, ఆ తండ్రి నుంచి వాడి తండ్రికి, అలా వెనక్కి పోతూ పోతూ ఆంబ్రోస్ టోజర్ దగ్గర ఆగిపోయాను. పదహారు వందల ఇరవై మూడులో వాడికి నామకరణం. తండ్రి పేరు లేదు. ‘దారిన పోయే బీదరాలి కొడుకు’ అని ఉందంతే. ఆ కిందనే, అదే వారంలో, ఆ బీదరాలిని పాతిపెట్టినట్టు రాసుంది. పేరు తెలియదట. మరి వీడికి టోజర్ అన్న ఇంటిపేరు ఎలా వచ్చిందీ? నాకు నిద్రపట్టలేదు. కాఫీ ఎక్కువైందని మీ చిన్ననానమ్మ అనేదిలే.

ఆ ముడి విప్పింది ఎవరనుకున్నావ్? ఒక గయ్యాళి. పేరు థామసిన్ టోజర్. విధవ, పిల్లల్లేరు, బీరు కాచి అమ్ముకునేది. ప్రసంగంలో గురక పెట్టిందని ఒకసారి, ఆదివారం పూట బీరు పోసిందని ఇంకోసారి, చర్చి కోర్టులో బోనెక్కుతూనే ఉండేది. నీకూ ఆ నోరే వచ్చిందనుకునేవాణ్ణి, కానీ రావడానికి వీల్లేదు, చెప్తా ఉండు.

ఆ ఏడాది పంటలు పోయాయి. కొండ మీంచి నిండు చూలాలొకతె మన ఊళ్లోకి దిగింది. అప్పట్లో పద్ధతేంటంటే, దిక్కులేని బిడ్డ ఏ ఊళ్లో పుడితే ఆ ఊరే మేపాలి. బీదల వ్యవహారం చూసే రోజర్ యెలండ్ అనే పెద్దమనిషి ఏం చేశాడు, ఇద్దరు మనుషుల్ని పెట్టి ఆ పిల్లని తోపుడు బండిలో వేసి వాగు దాటించబోయాడు, అవతలి ఊళ్లో కంటుందిలెమ్మని. అవతలి ఊరివాళ్లు మాత్రం తక్కువ తిన్నారా, వంతెనకి అడ్డంగా నిలబడ్డారు. వీళ్లు అటు తోస్తారు, వాళ్లు ఇటు తోస్తారు. ఆ పిల్లకి నెప్పులొస్తున్నాయి. ఆకాశంలోంచి మంచు పడుతోంది. పిల్ల అరవడం కూడా లేదట, ఆ బండి అంచు పట్టుకుని అందరి మొహాలూ చూస్తోందట.

అప్పుడొచ్చింది థామసిన్, బీరు కాస్తున్నది కాస్తున్నట్టే వదిలేసి, చేతులు మోచేతుల దాకా తడి. బండి లాక్కుని తన ఇంటి వైపు తిప్పింది. యెలండ్ అడ్డమొచ్చి, “ఆ బిడ్డ రేపు ఊరి నెత్తిన పడితే ఎవరు మోస్తారు?” అన్నాడు. ఆవిడ ఆగకుండానే, “నా ఇంట్లో పుడితే నా నెత్తిన. నీ నెత్తిన ఖాళీ ఎక్కడుంది, నీ పెళ్లాం ఎక్కి కూర్చుందిగా” అంది.

నవ్వకు. ఆ ఒక్క మాటే లేకపోతే మనకి ఈ కథే తెలిసేది కాదు. యెలండ్ భార్య ఆగ్నెస్ పరువు పోయిందని కోర్టుకెక్కింది. సాక్షులొచ్చి వంతెన మీద జరిగినదంతా పూసగుచ్చినట్టు చెప్పారు, గుమస్తా ఉన్నదున్నట్టు రాశాడు. దాదాపు నాలుగు వందల ఏళ్ల తర్వాత నేను కూర్చుని చదువుతుంటే పక్క బల్ల ఆయన, కాస్త మెల్లగా నవ్వండి అన్నాడు.

తల్లి బతకలేదు. పేరడిగితే తల తిప్పుకుందట. తీర్పేమో థామసిన్‌కి వ్యతిరేకంగా వచ్చింది. తెల్ల దుప్పటి కప్పుకుని చర్చిలో అందరి ముందూ నిలబడి ఆగ్నెస్‌ని క్షమాపణ అడగాలి. వచ్చింది, బుద్ధిగా నిలబడింది, దుప్పట్లో ఆంబ్రోస్‌ని పెట్టుకుని. వాడు ఏడుపు లంకించుకున్నాడు. క్షమాపణ చెప్పింది గాని బిడ్డ ఏడుపు వల్ల ఎవరికీ వినపడలేదని పాస్టరుగారు కోర్టుకి రాసి పంపారు. ఆవిడే గిల్లి ఉంటుందని నా అనుమానం.

ఇదంతా చెప్తే మీ తాత మొహం చూడాలి. చాలాసేపు ఆ సింహం వంకే చూశాడు. “అయితే మనది ఎవరి రక్తంరా?” అన్నాడు. తెలియదన్నయ్యా, పేరు చెప్పలేదుగా అన్నాను. నమ్మలేదు. మర్నాడు నాతో రైలెక్కి రికార్డాఫీసుకొచ్చాడు, కోటేసుకుని, టై కట్టుకుని. థామసిన్ పోయినప్పటి పేజీ తీసి పెట్టాను. బాగా ముసలిదయ్యాకే పోయిందిలే. ఆ పుస్తకంలో ఆడవాళ్లెవరు పోయినా ఫలానా వాడి భార్య, ఫలానా వాడి విధవ అనే ఉంటుంది, పేజీలకి పేజీలు. ఆయనకి ఆ రాత రాదుగా. చదువు అన్నాడు.

‘థామసిన్ టోజర్, ఆంబ్రోస్ తల్లి’ అని చదివాను.

ఇంకోసారి చదవమన్నాడు.

...

కెటిల్ కూస్తోంది, చూడమ్మా. పాలు తక్కువ వెయ్యి నాకు.