అలల కత్తి

సాన పట్టే దుకాణంలో ఒకావిడ తువ్వాలు విప్పి, అలల గీతలున్న కొత్త కత్తిని బల్ల మీద పెట్టింది.

"బాబాయ్, నిజం చెప్పు. ఇది ఉక్కు పొరలు కలిపి చేసే అసలు డమాస్కస్ కత్తేనా? రేపు హోటల్ వంటగదిలో నాకు మొదటి రోజు. దీన్నే తీసుకెళ్తున్నా."

"చైనా సరుకమ్మా. ఎవరు కొన్నారు?"

"మా ఆయన. నాకు ఉద్యోగం వచ్చిందని ముచ్చటపడి తెప్పించాడు. అరవై ఏడు పొరల ఉక్కు అని వీధి వీధంతా చెప్పుకున్నాడు."

"చైనావాళ్ళు అసలువీ చేస్తారు, ఉత్తుత్తివీ చేస్తారు. పిడి దగ్గర గరుకు కాగితంతో కాస్త రుద్దుతా, చూడు."

"అయ్యయ్యో, అలలు చెరిగిపోయాయి!"

"ఇదిగో, ఆసిడ్ మందు పూశా. నిజంగా పొరలుంటే అలలు మళ్ళీ తేలేవి. ఇవి పైపైన చెక్కిన గీతలు."

"అయితే మా ఆయన నిలువునా మునిగాడన్నమాట."

"తొందరపడకు. ఉక్కు మాత్రం గట్టిదే. ఇదిగో, పదును పెట్టా. ఈ టమాటా కోసి చూడు."

"అబ్బ! నొక్కకుండానే దిగిపోయింది."

"కత్తి పనిమంతురాలే. బడాయి ఒక్కటే అబద్ధం. మిగతా గీతలు కూడా రుద్దేయనా? కత్తుల సంగతి తెలిసినవాళ్ళు చూస్తే నవ్వుతారు."

"వద్దు బాబాయ్, ఉండనీ. నవ్వేవాళ్ళ ముందు బస్తా ఉల్లిపాయలు కోసి పడేస్తా. గీతలు పోతే మా ఆయన మొహం చిన్నబోతుంది. ఆ మొహానికి సాన పట్టడం నీవల్లా కాదు, నావల్లా కాదు."