గడప బయట మిగిలిన రెండు జతలు

(1986 జూలై 20, ఆదివారం సాయంత్రం. గాజువాక ఆటోనగర్ లేతు షెడ్డులో జరిగిన అప్పలసూరి సంతాప సభలో, ఆయనతో పాటు కాపలా పనిచేసిన కామరాజు మాట్లాడినది.)

అమ్మలారా, అయ్యలారా, షట్టర్లు దించి వచ్చిన ఆటోనగర్ అన్నలారా, సబ్బవరం నుంచి లారీ ఎక్కి వచ్చిన సూరి మావ ఊరివాళ్ళారా!

ముందు నేరం ఏమిటో చెబుతాను. తరవాత చేసినవాడి పేరు చెబుతాను. ఏడుపు ఆ తరవాత.

మొన్న గురువారం ఊపిరాడక చనిపోయిన అప్పలసూరిని, మన సూరి మావని, దొంగ అని టైపు కొట్టించి నోటీసు బోర్డుకి అంటించారు. అదీ నేరం. ఆ కాగితం కింద సంతకం చేసినవాడు కళింగతీరం కంప్యూటర్ సర్వీసెస్ మేనేజరు గంగాధరరావు. నేను గారు అనలేదు. అనాల్సిన అవసరం లేదు.

"విలువైన విడిభాగాలను అపహరించు ఉద్దేశముతో, అనుమతి లేకుండా లోపల ప్రవేశించి..." చదివారా మీరు? నేను నాలుగుసార్లు చదివాను. నాలుగోసారి చింపబోయాను. సన్యాసమ్మ అత్త నా చెయ్యి పట్టుకుంది. "సింపకు బాబూ. రేపు ఆపీసరొత్తే ఏటి సూపిత్తావు?" అంది. మొగుడు పోయిన రెండో రోజున ఆవిడకున్న తెలివి నాకు లేకపోయింది. అందుకే ఆ కాగితం ఇంకా గోడ మీదే ఉంది.

రేపు సోమవారం పది గంటలకి లేబర్ ఆఫీసరు విచారణకి వస్తున్నాడు. ఆ కాగితంలో ఉన్నదే నిజమని రాసుకుని వెళ్ళాడా, మావ ఎప్పటికీ దొంగే. ఇదిగో, ఈ ముందు వరసలో కూర్చున్న అత్త ఎప్పటికీ దొంగ పెళ్ళామే. మనం ఇక్కడ కూడింది దండ వేసి వెళ్ళిపోవడానికా? చెప్పండి, అందుకేనా?

మీలో చాలామంది ఆ భవనాన్ని రోడ్డు మీద నుంచే చూశారు. లోపల కిటికీల్లేని గది ఒకటుంది. పగలూ రాత్రీ ఏసీ. బీరువాలంతేసి మిషన్లు. దేశం కాని దేశం నుంచి ఓడలో వచ్చి మన హార్బరులో దిగాయి. కాంట్రాక్టర్ల దగ్గర పనిచేసే వేల మంది జీతాల చీటీలు అందులోనే తయారవుతాయి. వాటికి దుమ్ము పడదు. మన ఊళ్ళో దుమ్ముకేం తక్కువ? ఓడలకెక్కించే ఇనప రాయి దుమ్ము, సిమెంటు దుమ్ము, లారీల దుమ్ము. మనం పీల్చొచ్చు, మిషను పీల్చకూడదు. అందుకని ఆ గదిలోకి ఎవరు వెళ్ళినా చెప్పులు గడప బయటే విప్పాలి. లోపల తొడుక్కోవడానికి కంపెనీ రబ్బరు చెప్పులిస్తుంది.

ఆ గడప దగ్గర నాలుగేళ్ళు స్టూలు వేసుకుని కూర్చున్నాడు సూరి మావ.

నేను ఉద్యోగంలో చేరిన మొదటి రోజు, లోపల ఎంతమంది ఉన్నారో చెప్పమన్నాడు. నేను రిజిస్టరు చూసి ముగ్గురన్నాను. నవ్వాడు. "ఒరే అల్లుడా, పుస్తకం మూసీ. కిందకి సూడు" అన్నాడు. చూస్తే ఆరు జతలు. "పుస్తకంలో సంతకం ఎట్టని దొరలున్నారు గానీ, జోడు ఇప్పకుండా లోనకెల్లినోడు ఒక్కడు లేడు. నాను సెప్పులు నెక్కెడతాను, మనుసులు తేల్తారు."

అదీ ఆయన విద్య. ఏ జత ఎవరిదో కళ్ళు మూసుకుని చెప్పేవాడు. పిన్నీసు పెట్టిన పట్టీ, మిషనుకి కార్డులు పంచింగు చేసే పద్మావతిగారిది. మడమ ఒక పక్కకే అరిగింది ఆపరేటరుది. కొత్త జోడు కనబడితే చాలు, "ఎవులికిరా పెల్లి కుదిరింది?" అని లోపలికి వినబడేలా కేకేసేవాడు. సాయంత్రం డ్యూటీ పడ్డ రోజున ఆఖరి జత వెళ్ళిపోతేనే గది తాళం వేసేవాడు. ఒక్క జత మిగిలితే? వెతికి తెచ్చేవాడు. ఒకసారి ఏసీ వెనక కునుకు తీస్తున్న ఇంజనీరుని అలాగే లేపి తెచ్చాడు. నాలుగేళ్ళలో ఒక్క మనిషినీ లోపల పెట్టి తాళం వేయలేదు. ఇది గుర్తుపెట్టుకోండి. మళ్ళీ చెబుతున్నాను, గుర్తుపెట్టుకోండి!

నేనేమో స్టూలు కింద కరపత్రాలు దాచుకుని చదివేవాణ్ణి. యంత్రం, శ్రమ, మిగులు విలువ. ఆయన చదువుకోలేదు. నా చేతిలో ఎర్రక్షరాలు చూసినప్పుడల్లా ఒకటే ఎగతాళి: "ఏట్రా, నీ కాయితాల్లో మన సెప్పుల గురించి ఏటైనా రాసినారేటి?" నాకు ఒళ్ళు మండేది. ప్రపంచం తలకిందులు కాబోతుంటే ఈయనకి చెప్పుల గోల ఏమిటి అనుకునేవాణ్ణి.

మొన్న మార్చిలో జరిగింది చెబుతాను. ఆ మిషన్లలో డిస్కు ప్యాకులని ఉంటాయి. గుండ్రంగా, పైన పిడితో, పెళ్ళిలో లడ్డూలు తెచ్చే డబ్బాలా ఉంటుంది ఒక్కొక్కటి. అందులో వేల మంది జీతాల వివరాలు. గేటు పాసు లేకుండా దాన్ని బయటికి పంపకూడదని మేనేజరే బోర్డు రాయించాడు. ఆ మేనేజరే దాన్ని చంకలో పెట్టుకుని కారు వైపు నడిచాడు. మావ అడ్డం నిలబడ్డాడు. "పాసు రాయించండి బాబూ. అందాక దాన్ని నా ఒళ్ళో ఎడతాను, తవరు కుర్సీలో కూకోండి" అన్నాడు. గంగాధరరావు ఎర్రగా చూసి, "నేనెవరో తెలుసా నీకు?" అన్నాడు. మావ వంగి కిందకి చూసి, "తెలవకేం బాబూ, ఎనిమిదో నంబరు గోదుమరంగు బూట్లు" అన్నాడు. లోపల పంచింగు ఆడపిల్లలు నోటికి చెంగులు అడ్డం పెట్టుకున్నారు. మేనేజరు పాసు రాసే వెళ్ళాడు. కానీ ఆ నవ్వు ఆయన మరిచిపోలేదు.

వారం తిరక్కుండా ఏం చేశాడు? ఆ గదికి వెనక ఒక తలుపుంది. నిప్పంటుకుంటే పారిపోవడానికి పెట్టిన తలుపు. దానికి తాళం ఉండకూడదు, గొళ్ళేనికి కాగితం సీలు మాత్రమే ఉండాలి. ఆ సీలు ఊడింది. తాళం వచ్చింది. తాళంచెవి మేనేజరు జేబులోకి వెళ్ళింది. ఎందుకు? సిగరెట్టుకని మాటిమాటికీ మావ ముందు నుంచి నడవడం ఇష్టం లేక! వెనకనుంచి బయటికి వెళ్ళి, తలుపుకి తాళం పెట్టి, నీడలో సిగరెట్టు కాల్చుకుని, మళ్ళీ వెనకనుంచే లోపలికి. మావకి అనుమానం వచ్చింది. బూట్లు ముందు గడపలో ఉంటాయి, మనిషి పొగాకు కంపుతో తేలతాడు. తలుపుకి తాళమేమిటని కాపలా పుస్తకంలో మూడుసార్లు రాయించాడు. ఆయన చెప్పాడు, నేను రాశాను. ఆ పుస్తకం ఇప్పుడు మేనేజరు గదిలో ఉంది. రేపు ఆఫీసరు ముందు దాన్ని తెరవాలి!

ఇక గురువారం.

మధ్యాహ్నం రెండు కావస్తోంది. ఏసీ మోటారు కాలి పొగ లేచింది. గంట మోగింది. ఆ గంట మోగితే అరనిమిషంలో బయటికి వచ్చేయాలి. తరవాత ముందు తలుపు దానంతటదే బిగుసుకుంటుంది. సిలిండర్లలోంచి గ్యాసు బయటికొస్తుంది. మంటకి నీళ్ళు పోస్తే మిషన్లు పాడవుతాయి కదా! అందుకని గ్యాసు. అది గదిలోని గాలిని తోసేస్తుంది. మంటకీ ఊపిరుండదు, మనిషికీ ఉండదు.

నలుగురు పరిగెత్తుకొచ్చారు. కాళ్ళకి ఏవి దొరికితే అవి తగిలించుకుని వాకిట్లో నిలబడ్డారు. గడప దగ్గర ఒక్క జత మిగిలింది. ఎనిమిదో నంబరు గోధుమరంగు బూట్లు.

మావ ఏం చేస్తాడు? మీరే చెప్పండి. నాలుగేళ్ళు చెప్పులు లెక్కపెట్టిన మనిషి ఏం చేస్తాడు?

పద్మావతిగారు ఆయన పక్కనే ఉంది. "ఓలమ్మ, మేనేజరుబాబు లోన ఉండిపోనాడు" అన్నాడట. పరిగెత్తాడు. అంత పరుగులోనూ తన టైరు చెప్పులు గడప బయట విడిచి వెళ్ళాడు. తలుపు బిగుసుకుంది.

మేనేజరుబాబు లోపల లేడు. వెనకాల సిగరెట్టు కాలుస్తున్నాడు. గంట విని చుట్టూ తిరిగి వాకిట్లోకి వచ్చాడు, రబ్బరు చెప్పులతో. తలుపు తీయమని పద్మావతిగారు అరిచింది. ఆయన మనుషుల్ని లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, తనతో ఐదు. "అందరూ ఇక్కడే ఉన్నారు. తలుపు తీస్తే మంట మిషన్లకి తగులుతుంది. ఎవరూ ముట్టుకోకండి" అన్నాడు. కాపలావాడున్నాడయ్యా అని ఆమె మళ్ళీ అంటే, ఎక్కడో టీకి పోయుంటాడన్నాడు.

విన్నారా? ఆయన లెక్కలో మావ లేడు.

నా డ్యూటీ రెండు గంటలకి. నేను పది నిమిషాలు ఆలస్యంగా వచ్చాను. ఎందుకు? ఇదే ఆటోనగర్లో టీ కొట్టు దగ్గర, శ్రామికుడి విముక్తి గురించి ఒకడితో కొట్లాడుతున్నాను. దాచను. ఈ మాట అత్తకి ముందే చెప్పాను. వచ్చేసరికి గడప ముందు రెండు జతలు. బూట్లు, టైరు చెప్పులు. అప్పుడు నేను ఏ కరపత్రమూ తలుచుకోలేదు. లెక్కపెట్టాను, అంతే. మేనేజరుని తోసేసి గునపంతో తలుపు పీకాం. అప్పటికి పదహారు నిమిషాలు.

మావ వెనక తలుపు దగ్గర పడి ఉన్నాడు. తాళం వేసిన తలుపు. గోళ్ళు చితికిపోయి ఉన్నాయి. ఆ తలుపు పక్కనే విడిభాగాల బీరువా ఉంటుంది. అదీ వాళ్ళ సాక్ష్యం! బీరువా పక్కన పడ్డాడు కాబట్టి దొంగ. బీరువా తాళం చెక్కు చెదరలేదు. ఆయన చేతిలో మేకు కూడా లేదు. పారిపోయే తలుపుకి తాళం వేసినవాడు మేనేజరు, ఆ తలుపు గీరి చచ్చినవాడు దొంగ!

ఇదిగో, ఈ బల్ల మీద చూడండి. ఆ రెండు జతలూ తెచ్చాను. బూట్లు ఇచ్చేయమని మేనేజరు నా ఇంటికి రెండుసార్లు మనిషిని పంపాడు. సన్యాసమ్మ అత్త ఇంటికి ఒక్కసారీ పంపలేదు. ఇవ్వను. రేపు ఆఫీసరు ముందు పెడతాను, వచ్చి తొడుక్కోమంటాను. పద్మావతిగారు తను విన్నది విన్నట్టు చెబుతానంది. ఇంకా ఉద్యోగం పర్మనెంటు కాని మనిషి. ఆమె పేరు ఇక్కడ చెప్పమని ఆమే అంది. వెనక వరసలో ఉంది. అక్కా, నీకు దండం.

నా ఒక్కడి అరుపు, ఆమె ఒక్కర్తె మాట చాలవు. రేపు పొద్దున్న ఎనిమిదింటికి మనమంతా కంపెనీ గేటు దగ్గర కూడాలి. రాళ్ళు వద్దు. నా చేతులు దురదపెడుతున్నాయి, అయినా వద్దు. ఇది అత్త మాట. చెప్పులు విప్పి గేటు ముందు వరసగా పెడదాం. పది గంటలకి జీపు దిగిన ఆఫీసరు వాటిని దాటుకుని లోపలికి వెళ్ళాలి. ఇవి ఎవరివని అడుగుతాడు. అప్పుడు చెబుదాం, ఒక మనిషి చెప్పులెలా లెక్కపెట్టాడో, ఎందుకు చచ్చిపోయాడో.

మావా, నా కాయితాల్లో చెప్పుల గురించి ఏం రాశారని అడిగేవాడివి. ఎవరూ రాయలేదు. రాత్రి నేను రాశాను. రేపు గేటు దగ్గర పంచుతాను.

ఇప్పుడు అందరూ లేవండి. చెప్పులు విప్పండి, ఈ నేల మీద ఒట్టి కాళ్ళతో నిలబడదాం. ఆయన లోపల పదహారు నిమిషాలున్నాడు. మనం రెండే నిమిషాలు నిలబడుతున్నాం. ఎవరూ మాట్లాడొద్దు, నేను కూడా మాట్లాడను. అయ్యాక ఎవరి జోడు వాళ్ళు వెతుక్కుని ఇళ్ళకి వెళ్ళండి. ఈ బల్ల మీద రెండు జతలు మిగులుతాయి. వాటిని చూసి వెళ్ళండి.

రేపు ఎనిమిదింటికి. చెప్పులేసుకుని రండి.