ఆగిన చోట అందుకోవడం

మీ తాతయ్య పాడేవాడని ఎవరు చెప్పారు నీకు, మీ అమ్మేనా? అది సగం నిజం నాన్నా. పాడాడు, కాదనను. కానీ ఎప్పుడు పాడాడో, ఎవరు విన్నారో, ఎవరు వినకుండా పోయారో చెప్పకుండా ఊరికే పాడేవాడంటే నాకు మింగుడుపడదు. ఆ కుర్చీ ఇలా లాక్కో. అటు కాదు, ఎడమవైపు. కుడి చెవి నాకెప్పుడో విడాకులిచ్చేసింది. మీ అమ్మకు నేను మేనమామనే, దాని మాట నేనెందుకు కొట్టేస్తాను. కానీ ఆయనకు బావమరిదిని కూడా కదా. బావమరిదికి తెలిసినవన్నీ కూతురికి తెలియవు.

ఆయనది కలప కోసే మిల్లులో పని. ఇప్పుడక్కడ బట్టల దుకాణం కట్టారులే. పెద్ద రంపం తిరుగుతుంటే పక్కనే నిలబడి అరిచినా ఒక్క ముక్క వినబడేది కాదు. అందుకని ఆ మిల్లువాళ్ళు అరవడమే మానేశారు. గొంతు ఖర్చుపెట్టకుండా, పెదాలు మాత్రం వెడల్పుగా కదిపి మాట్లాడుకునేవారు. దుంగ తిప్పు, బీడీ ఉందా, మేస్త్రీ వస్తున్నాడు జాగ్రత్త, అన్నీ పెదాలతోనే. ఏళ్ళ తరబడి అలా గడిపేసరికి ఇంటికొచ్చినా అదే అలవాటైపోయింది. మా అక్క, అదే మీ అమ్మమ్మ, కాపురానికొచ్చిన కొత్తలో మా అమ్మ ఒళ్ళో తలపెట్టుకుని ఏడ్చింది కూడా, ఆయన నాతో మాట్లాడటం లేదమ్మా, నోరు తెరిచి మూస్తున్నాడంతే అని. తర్వాత్తర్వాత ఆ పెదాలు చదవడం నేర్చేసుకుందనుకో. ఆయన గుమ్మంలో నిలబడి పెదాలు కదిపితే ఈవిడ వంటింట్లోంచి జవాబు చెప్పేది. కొత్తగా వచ్చిన చుట్టాలు, పాపం ఈవిడ తనలో తను మాట్లాడుకుంటోందని జాలిపడిపోయేవారు.

మా అక్క పాడేది. సంగీతం నేర్చుకున్నది కాదు. మధ్యాహ్నం ఆరిన బట్టలు మడతపెట్టుకుంటూ పాడేది, అంతే. "అవతలి గట్టున దీపమెవరిదో, ఆరకముందే చేరాలి" అని ఒక పడవ పాట. మా ఇళ్ళల్లో ఆడవాళ్ళందరికీ వచ్చు, ఎవరు కట్టారో ఎవరికీ తెలియదు. ఆయన ఎదురుగా గడప మీద కూర్చుని, ఆకురాయితో రంపం పళ్ళకు పదును పెట్టుకుంటూ పెదాలు కదిపేవాడు. పైకి పాడండి అంటే ఛాతీ చూపించేవాడు, పొట్టు పీల్చి పీల్చి ఊపిరితిత్తులు చెడ్డాయని. నేను వేళాకోళం చేస్తే మా అక్క ఊరుకునేది కాదు. "ఆయన పాడుతూనే ఉన్నారురా. నాకు కనబడుతోంది, నీకు వినబడకపోతే నేనేం చెయ్యను?" అనేది.

తర్వాత మా అక్కకు గుండె జబ్బు ముదిరింది. కళ్ళకు పొరలు కమ్మాయి, ఆపరేషన్ చేస్తే గుండె తట్టుకోదన్నారు. పాట మాత్రం మానలేదు. కాకపోతే సగంలో ఆగిపోయేది. దీపమెవరిదో అనేసి, ఊపిరి కోసం ఆగి, ఆయన కూర్చునే వైపు ముఖం తిప్పి కాసేపు అలా ఉండేది. తర్వాత మళ్ళీ తనే మొదలుపెట్టుకునేది. నేను మంచం పక్కన కూర్చుని చాలాసార్లు చూశాను. అప్పుడు దాని అర్థం నాకు బోధపడలేదు.

అక్క పోయాక ఆయన పెదాలు కదపడం కూడా మానేశాడు. ఎవరున్నారు చదవడానికి? అన్నం ముందు కూర్చుంటే కూర్చోవడమే, లేపితే లేవడమే. ఇలా కాదని రెక్క పట్టుకుని, మేం కొందరం కలిసి పాడుకునే పాటల గదికి లాక్కెళ్ళాను. సైకిలు షాపు మీద గది అది. కింద ట్యూబులకు పంక్చర్లు వేస్తుంటే రబ్బరు వాసనంతా మెట్లెక్కి మాతోపాటే వచ్చేది. అందరం ఉద్యోగాలు అయిపోయినవాళ్ళమే. మమ్మల్ని నడిపించింది నర్సమ్మ. జీవితమంతా ఆసుపత్రిలో ఊపిరి తీసుకోండి, వదలండి అని చెప్పిన మనిషి, ఇక్కడా అదే చెప్పేది. ఆవిడది ఒకటే నియమం. పక్కపక్కనున్నవాళ్ళు ఒకేసారి ఊపిరి తీసుకోకూడదు. "ముసలి ఊపిరితిత్తులు, మీకెవరికీ పాట మొత్తం లాగే శక్తి లేదు. అది నాకు తెలుసు. పక్కవాడు ఆగిన చోట మీరందుకోండి, మీరు ఆగితే వాడందుకుంటాడు. పాట మాత్రం తెగకూడదు."

ఇది వినడానికి చిన్న మాటే, కానీ ఎంత పని చేసిందో చెబితే నవ్వుతావు. మురుగునీటి కాలువ కోసం కొట్టుకుని ముఖాలు చూసుకోవడం మానేసిన ఇద్దరు పక్కింటివాళ్ళుండేవారు మాలో. వాళ్ళను కావాలనే పక్కపక్కన నిలబెట్టింది ఆ మహాతల్లి. ఎదుటివాడు ఎప్పుడు ఆగుతాడో చెవి ఒగ్గి వినకపోతే పాట నడవదాయె. కాలువ గొడవ అలాగే ఉంది, కానీ ఒకడు దగ్గితే రెండోవాడు మందు తెచ్చిచ్చేవాడు. నామటుకు నాకు మోకాళ్ళు మెట్లెక్కేటప్పుడు గుర్తొచ్చేవి, దిగేటప్పుడు గుర్తొచ్చేవి కావు. వెళ్ళే రోజున ఇస్త్రీ చొక్కా, పాడి వచ్చిన రాత్రి కంటినిండా నిద్ర. మనుషుల మధ్య నిలబడి నోరు తెరవడంలో ఏముందో నాన్నా, ఒంటరిగా కూర్చుని ఎంత మందు మింగినా అది దొరకదు.

మీ తాతయ్యను నాకూ, మాతో పాడే ఒక టైలరుకూ మధ్యన నిలబెట్టారు. ఆ మరుసటిసారి నుంచి నేను పిలవకుండానే చొక్కా తొడుక్కుని సిద్ధంగా ఉండేవాడు. టైలరు గొంతు మైకు మింగినట్టుండేది. ఈయన పెదాలు చక్కగా, ఒక్క మాట తప్పకుండా కదిలేవి. బావ పాడుతున్నాడని నేను పొంగిపోయాను. చాలా నెలలు అలాగే అనుకున్నాం అందరం. ఒకసారి టైలరు కూతురి పురుడని ఊరెళ్ళాడు. ఆ రోజు నా వంతు ఊపిరి కోసం ఆగాను. మా మూల పాట చప్పున ఆగిపోయింది. ఈయన పెదాలు మాత్రం కదులుతున్నాయి. గదంతా ఇటు తిరిగింది. నర్సమ్మ కళ్ళజోడు సర్దుకుని, "అయ్యగారూ, పెదాలు రోజూ హాజరవుతున్నాయి, గొంతు సెలవులో ఉందా?" అంది. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. నేను మొదట్నుంచి ఎత్తుకున్నాను, అదే పడవ పాట, దీపమెవరిదో దగ్గర ఆగాను. అప్పుడందుకున్నాడు. గొప్ప గొంతేం కాదు, బావిలో బొక్కెన రాయికి తగిలినట్టుంది. దగ్గొస్తుందని ఇన్నాళ్ళూ భయపడ్డవాడికి దగ్గూ రాలేదు. రెండు మాటలే కదా అందుకోవలసింది, ఆ మాత్రానికి ఆయన దగ్గర ఊపిరి ఉంది. ఎప్పుడూ ఉంది.

తిరిగి వచ్చేటప్పుడు మెట్ల మధ్యలో కూర్చుండిపోయాడు. కింద ఎవరో చక్రానికి గాలి కొడుతున్నారు. "ఒరే బావమరిదీ, మీ అక్క ఆగినప్పుడల్లా నా వైపు తిరిగేది చూడు. నేను అందుకుంటూనే ఉన్నాను రా, పెదాలతో. దానికి కళ్ళు కనబడటం లేదన్న సంగతి నాకెందుకు తట్టలేదు?" అన్నాడు. మోచెయ్యి పట్టుకుని లేపాను. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ పైకే పాడాడు. మిల్లులో మూగబోయిందంతా వడ్డీతో సహా అరిచేవాడు. సంతోషంగానే ఉండేవాడు, అబద్ధం చెప్పకూడదు. కానీ ఆ పడవ పాట వచ్చినప్పుడల్లా, తన వంతు అందుకునే ముందు, ఎవరూ లేని వైపు ఒకసారి చూసేవాడు.

ఇప్పుడు వాళ్ళెవరూ లేరు. నర్సమ్మ పోయింది, టైలరు పోయాడు. ఆ గదిలో టైర్లు పెట్టుకున్నారట. నేనూ ఒక్కడినే పాడుకుందామని చూస్తుంటాను. మొదలు బాగానే వస్తుంది, సగానికి వచ్చేసరికి... ఎలా ఉండేదో చెప్పడమెందుకు, వినరాదూ. "అవతలి గట్టున దీపమెవరిదో..." ఇదిగో, ఇక్కడ. ఇంతకుమించి నాకు అందదు. నువ్వందుకో. మాటలు ఇందాకే చెప్పానుగా. ఏం నాన్నా? పెదాలేమైనా కదుపుతున్నావా? ఈ కళ్ళద్దాల్లోంచి నాకేం కనబడటం లేదురా.