తిప్పని బాణం

అదిగో, మళ్ళీ చొక్కా మీద పోసింది. నీ మెడ ఎడమవైపు తిరగదని తెలిసీ ఆ నర్సు అటునుంచే పెడుతుందా? నువ్వు నోరు తెరిచి అడగలేవు కదా, అదీ వాళ్ళ ధైర్యం. ఉండు మెర్ల్, తుడుస్తాను. యాపిల్ గుజ్జు నేను పెడతాలే.

నిన్నటి బాస్కెట్‌బాల్ ఆట సంగతి కావాలా? గెలిచాం. ఒక్క పాయింటు తేడా. పాస్టరు కూడా బెంచీ ఎక్కి అరిచాడు. నాకేమీ అనిపించలేదు. ఈమధ్య ఏదీ అనిపించడం లేదులే.

స్కోరు బల్ల దగ్గర నీ కుర్చీలోనే కూర్చున్నా. నీ దిండు కాలేజీవాళ్ళు ఇంకా తీయలేదు. బంతి ఎవరి వంతో చూపే ఆ బల్లమీది బాణం ఇరవై ఆరేళ్ళు నువ్వు తిప్పిందే కదా, నీ వేళ్ళు పడ్డచోట రంగే లేదు.

మన వంటింట్లో ఉప్పు డబ్బాని బాణంలా పెట్టి నువ్వే నేర్పావు. ఇద్దరు కుర్రాళ్ళు బంతి పట్టుకుని వదలకపోతే, బాణం ఎటుంటే ఆ జట్టుకి బంతి. వాళ్ళు గీత బయటినుంచి బంతి లోపలికి వేశాక బాణం అవతలివైపు తిప్పాలి. ఒకసారి వీళ్ళకి, ఒకసారి వాళ్ళకి. అంతేగా?

రెండో సగంలో అలా మనకొకసారి వచ్చింది. మనవాళ్ళు వేశారు. నేను తిప్పలేదు. కావాలని కాదు. నీకు సాయంత్రం మందు వేశారో లేదోనని ఆలోచిస్తున్నా.

చివర పదకొండు సెకన్లు. వాళ్ళు ఒక పాయింటు ముందున్నారు. మళ్ళీ పెనుగులాట, ఈల. రిఫరీ బల్లవైపు చూశాడు. బాణం ఇంకా మనవైపే ఉంది.

వాళ్ళ కాలేజీ స్కోరు రాసే లోవెల్ నా పక్కనే ఉన్నాడు. "ఇది మా వంతు అనుకున్నానే, వెర్నా. సరిగ్గా చూశావా?" అన్నాడు.

"చూశా" అన్నాను.

"సరేలే. మెర్ల్ కుర్చీ కదా" అని పెన్సిలు కింద పెట్టేశాడు.

బంతి ఇంకా రిఫరీ చేతిలోనే ఉంది. హారన్ నా మోచేతి పక్కనే. నొక్కితే సరిదిద్దేవాళ్ళు. బంతి గీత లోపలికి వేశాక మాత్రం దేవుడు దిగొచ్చినా మార్చరు, నీకు తెలుసు.

నొక్కలేదు. మనవాళ్ళు వేశారు, బుట్టలో పడింది.

మరిచిపోయానంటే నువ్వు నమ్ముతావు. అందుకే చెబుతున్నా. లోవెల్ అడిగినప్పుడే నాకు గుర్తొచ్చింది. నీకు అక్టోబరులో ఇలా అయిందగ్గర్నుంచి అన్నీ అవతలివైపే పోతున్నాయి కదా, ఒక్కసారి మనకి రానీ అనుకున్నా. వచ్చింది. దాంతో ఏం చేసుకోవాలో తెలియడం లేదు.

ఇదిగో, ఇంకొక్క చెంచా. నోరు తెరువు.

మెర్ల్?

ఓహో. గోడవైపు తిరిగావా. ఎడమవైపుకే.

తిరుగులే. నిన్నటిదాకా ఆ మెడ కదల్లేదు. డాక్టరుకి చెబుతాను, సంతోషిస్తాడు.