వెయ్యేళ్ల ఊరి మట్టి

ఆక్లాండ్ శివారు మనురేవాలో శశాంక్ వాళ్ల గరాజ్‌లో శనివారం సాయంత్రం అందరం టీలు తాగుతున్నాం. మర్నాడు మా తెలుగువాళ్ల జట్టు వైటాకరే కొండల్లో నడకకి వెళ్తోంది. ముందుండి నడిపించే మనిషి మెడలో వేసుకునే విజిల్ టీపాయ్ మీద ఉంది. మధుబాబు అంకుల్ కన్ను దాని మీదే ఉంది. ఆయన జర్మనీ టూరు నుంచి తిరిగొచ్చి వారమే అయింది.

"విజిల్ సంగతి తర్వాత, ముందు ఇది వినండి. రోథెన్‌బర్గ్ అని పాతకాలం ఊరు, చుట్టూ కోటగోడ, ఆ గోడ మీదే నడవడానికి దారి. మా టూర్ బస్సులో వాళ్లంతా సగంలోనే చతికిలబడ్డారు. నేను మాత్రం ఒక్కసారి కూడా కూర్చోకుండా ఊరంతా చుట్టేశాను."

"మోకాళ్ల నొప్పులన్నారుగా అంకుల్?" అంది రాజశ్రీ.

"అది ఆక్లాండ్‌లోనమ్మా. అక్కడ అసలు మోకాళ్లున్నట్టే తెలీలేదు. ఒక చుట్టు అయ్యాక ఏమనిపించిందో తెలుసా? ఇంతేనా అనిపించింది. రెండో చుట్టు పరుగెత్తాను. మూడో చుట్టుకి ఊరి జనం వంటలు పొయ్యి మీదే వదిలేసి కిటికీల్లోకి వచ్చేశారు, నా అడుగుల అదురుకి ఎప్పుడో తాతల నాడు ఆగిపోయిన గడియారం గంట కొట్టింది, ఒరిగిపోయిన బురుజు నిటారుగా నిలబడింది, అది చూసి మేయరు గారు మెట్ల మీంచి పరుగున దిగొచ్చి..."

"ఏ భాషలో మాట్లాడుకున్నారు?" అన్నాడు శశాంక్.

"నేను తెలుగులో, ఆయన జర్మన్‌లో. ఇద్దరికీ కళ్లనీళ్లొచ్చేశాయి, ఇంక భాష దేనికయ్యా? ఊరి తాళాలు నా చేతిలో పెట్టి ఇక్కడే ఉండిపొమ్మన్నాడు. వచ్చే శనివారం మావాళ్లతో టీ ఉంది, కుదరదన్నాను. ఆ తర్వాత ఏమైందో చెప్పనా? నా బూట్లు చూసి ముసలాళ్లంతా గొల్లుమన్నారు. అడుగున జానెడు మందాన మట్టి, వెయ్యేళ్ల నాటిది. అదంతా నాకే అంటుకుపోయి వాళ్ల గోడ మీది దారి జానెడు కిందికి దిగిపోయింది. మట్టి ఇచ్చేసి వెళ్లమన్నారు. ససేమిరా అన్నాను. ఆ బూట్లతోనే ఆక్లాండ్‌లో దిగాను. నాలా నడిచినవాడు మీలో ఎవడైనా ఉంటే విజిల్ వాడికే ఇచ్చేయండి."

అంటూనే విజిల్ తీసి మెడలో వేసుకున్నారు.

ఈ మధ్యే జట్టులో చేరిన సుభద్ర కప్పు కింద పెట్టింది.

"అంకుల్, నేను ఎయిర్‌పోర్ట్‌లో పనిచేస్తాను. బయటి దేశాల మట్టి లోపలికి రాకుండా బూట్లు చెక్ చేస్తాం. వారం కిందట మీవి చూసింది నేనే. యూనిఫాంలో ఉన్నానుగా, మీరు గుర్తుపట్టినట్టు లేరు. ఎక్కడెక్కడ నడిచారని అడిగితే ఏమన్నారో చెప్పనా?"

అంకుల్ చెయ్యి మెడలోని విజిల్ మీదికి పోయింది.

"'మన అమ్మాయివే కదా, ఫైన్ వేయకు తల్లీ, కొత్త బూట్లు కరిచేశాయి, ఊరి గేటు పక్కనే బేకరీలో కూర్చున్నా, మావాళ్లు తిరిగొచ్చేదాకా కుర్చీలోంచి లేవలేదు, ఒట్టు' అన్నారు. బూట్లు కూడా అద్దంలా ఉన్నాయి. అందుకే నమ్మి పంపించేశాను."

గరాజ్‌లో నవ్వులు ఆగడానికి చాలాసేపు పట్టింది. అంకుల్ విజిల్ తీసి సుభద్ర ముందు పెట్టి, మెల్లిగా అడిగారు.

"రేపు ఆ కొండ కింద బేకరీ ఏమైనా ఉందా అమ్మా?"