పదమూడో ఎక్కం

బడి వదిలాక కంప్యూటర్ గదిలో పిల్లలచేత బ్లాగులు రాయిస్తున్న టీచరూ, తొమ్మిదో తరగతి అమ్మాయీ మిగిలారు.

“ఆరో తరగతి పిల్లలు కూడా ఒకళ్ల బ్లాగు ఒకళ్లు చదివి కామెంట్లు పెడుతున్నారు. నువ్వొక్కదానివే ఎవరితోనూ మాట్లాడవేం?”

“మా నాన్నకి తెలిస్తే చంపేస్తాడు మేడమ్.”

“అందరివీ మారుపేర్లే కదమ్మా! ఏది ఎవరిదో నేనే అడగలేదు.”

“నాకో కామెంటొచ్చింది మేడమ్. అది చదివినప్పట్నుంచీ మళ్లీ బ్లాగు తెరవలేదు.”

“ఎవరైనా పిచ్చిరాతలు రాశారా?”

“లేదు. నాన్న తాగొచ్చి అమ్మని కొడతాడని రాశాను. దాని కింద ‘మా ఇంట్లోనూ అంతే’ అని ఒకమ్మాయి రాసింది.”

“చూశావా, నీలాగే ఇంకో పిల్ల! నువ్వు పలకరిస్తే దానికెంత ధైర్యంగా ఉంటుంది? జవాబు రాయి.”

“ఇంకా ఉంది మేడమ్. ‘అరుపులు మొదలవగానే మా అక్క నన్ను దుప్పట్లోకి లాక్కుని చెవిలో పదమూడో ఎక్కం చెబుతుంది. నేను నిద్రపోయినట్టు పడుకుంటా. నేను మేలుకుని ఉన్నంతసేపూ అక్క ఏడుపు ఆపుకుంటుంది’ అని రాసింది.”

“అయ్యో పాపం! ఆ అక్క ఎవరో గానీ...”

“నేనే మేడమ్. మా చెల్లి నిజంగానే నిద్రపోతోందనుకున్నా ఇన్నాళ్లూ.”