బ్రేకు మాస్టారి రెండు కాళ్లు

ఏమిటీ, ఇన్ని రకాలున్నాయా? ఏదీ, ఆ ఫోను కాస్త దూరంగా పట్టుకో, దగ్గర పెడితే నాకు అక్షరాలన్నీ చీమల్లా పాకుతాయి. ఆఁ... సెడానే కదా, మంచిదే, డిక్కీ పెద్దది ఉంటుంది. గేర్లు దానంతటదే వేసుకునే బండి కావాలి, అందులో ఏ రకం అన్నది నీ తంటా. అంతేనా? అమ్మడూ, ఈ విషయంలో నన్ను మించిన పండితుడు నీకు దొరకడు. నవ్వకు. నేను జన్మలో స్టీరింగు పట్టుకున్న పాపాన పోలేదు, ఒప్పుకుంటాను. వెనక సీట్లో కూర్చున్నాను. వెనక కూర్చున్నవాడికే అన్నీ కనిపిస్తాయి. మా బావ ఉండేవాడు చూడూ, మా అక్క మొగుడు... నువ్వు హాస్టల్లో చదువుకునే రోజుల్లోనే పోయాడులే, నీకంతగా తెలియడు. డ్రైవింగ్ స్కూలు నడిపేవాడు. ఊరంతా బ్రేకు మాస్టారనే పిలిచేవాళ్లు. ఆ స్కూలు కార్లో నేర్పేవాడి వైపు కూడా రెండు పెడల్స్ ఉంటాయి, ఎడమకాలికి క్లచ్, కుడికాలికి బ్రేకు. నేర్చుకునేవాడు పోయి గోడకి గుద్దబోయాడనుకో, ఈయన ఇటునుంచి తొక్కేస్తాడు. ఏళ్ల తరబడి అదే పని. ఆ కాళ్లకి ఎంత అలవాటైపోయిందంటే, సినిమా హాల్లో తెరమీద కారు మలుపు తిరిగితే ముందు సీటుని ఫట్‌మని తన్నేవాడు. ముందువాడు వెనక్కి తిరిగి "ఏం సార్?" అంటే, "మిమ్మల్ని కాదు బాబూ, ఆ హీరోని" అనేవాడు.

ఊళ్లో సగం మందికి ఆయనే నేర్పాడు. పళ్ల డాక్టరుకి నేర్పాడు, బ్యాంకు మేనేజరుకి నేర్పాడు, కుడి ఎడమలు తెలియని లెక్కల లెక్చరర్‌కి కూడా నేర్పాడు. ఒక్క మా అక్కకే డ్రైవింగ్ రాలేదు. అక్క కర్టెన్లు కుట్టేది. ముందు గదిలో మిషను, గోడ పొడుగునా గుడ్డ తాన్లు, తలుపు వెనక ఇత్తడి రింగుల సంచి. ఇళ్లకి వెళ్లి కిటికీలు కొలవాలి, తాన్లు మోసుకెళ్లాలి, బావ ఎప్పుడు ఖాళీ అవుతాడా అని ఎదురుచూడాలి. అందుకని ప్రతి ఆదివారం పొద్దున్నే ఖాళీ మైదానంలో పాఠం. నేను వెనక సీట్లో, తోడుగా. అక్క క్లచ్ వదిలేది, బండి గుర్రుమనేది, ఢక్కుమని ఆగిపోయేది. బావ ఎంతో శాంతంగా, "ఏం కంగారు లేదు. క్లచ్ మెల్లగా వదలాలి. మళ్లీ" అనేవాడు. మళ్లీ ఢక్కు. నాలుగేళ్లు, అమ్మడూ! లెర్నర్ లైసెన్సు ఎన్నిసార్లు మార్చుకుందంటే, ఆఫీసు గుమస్తా "అమ్మా, ఈసారి కొత్త ఫోటో తెండి, ఇందులో మీ జుట్టు నల్లగా ఉంది" అన్నాడు. పగలంతా కుట్టుమిషను తొక్కే కాలు అది. గుడ్డ మందాన్నిబట్టి ఎంత నొక్కాలో దానికి తెలుసు. అలాంటి కాలికి క్లచ్ రాదంటే నేనూ నమ్మేశాను, ఆవిడా నమ్మేసింది. "నా కాలే మొద్దుకాలురా" అనేది, మిషను తొక్కుతూనే.

ఇంతలో వంతెన అవతల కొత్త హోటలొకటి కట్టారు. నలభై రెండు కిటికీలు. అక్క కుట్టు చూసి ఆ మేనేజరు మెచ్చాడు. మెచ్చాడు గానీ మెలిక పెట్టాడు, "వారానికి రెండుసార్లు గుడ్డలతో సహా మీరు రావాలమ్మా, మాస్టారికి తీరికయ్యాక వస్తామంటే కుదరదు. సోమవారానికల్లా చెప్పండి" అని. అంత పెద్ద పని ఆవిడకి అదే మొదలు. ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే, "ఏమండీ, నేను ఆటోమేటిక్ కారు కొంటున్నాను" అంది. బావకి గుండెల్లో రాయి పడింది. "అది బండి కాదే, సోఫా. ఎడమకాలికి పని లేకపోతే మనిషికి మతిమరుపొస్తుంది" అని ఎక్కడా లేని వైద్యం చెప్పాడు. నేనూరుకుంటానా? "రెండు క్లచ్‌లవి కూడా ఉన్నాయట బావా" అని అంటించాను. ఆయన ముఖం చూడాలి, వెలిగిపోయింది. "రెండా! అయితే ఒకటి నాకే" అన్నాడు. ఆ రెండూ గేర్‌బాక్సు లోపలే ఉంటాయి, తొక్కడానికి ఒక్కటీ ఉండదని చెప్పేసరికి అన్నం మానేసి లేచిపోయాడు.

శనివారం నాడు ముగ్గురం స్కూలు కార్లోనే పాత కార్ల షెడ్డుకి వెళ్లాం. అక్కడ టై కట్టుకుని చెమటలు కక్కే ఒకాయన, మూడు సెడాన్లు చూపించి నోటికి అడ్డం లేకుండా పొగుడుతున్నాడు. అక్క విని విని, ఆయన బల్లమీద గాజు గ్లాసు తీసి, నిండా నీళ్లు పోసి, బావ చేతిలో పెట్టింది. "నేను నడుపుతాను, మీరిది ఒళ్లో పెట్టుకుని పక్కన కూర్చోండి. ఏ బండి కుదుపుతుందో నీళ్లే చెప్తాయి" అంది. మొదటిది నూనె బండి. ఇంజనుకీ గేర్లకీ మధ్య నూనె తిరుగుతుందట, ఆ నూనే బండిని లాగుతుందట. బాగానే పోయింది, నాలుగు చుక్కలు తొణికాయి. "చూశావా, పెట్రోలు కూడా ఇలాగే ఒలకబోస్తుంది" అన్నాడు బావ. రెండోది మామూలు గేర్ల బండే, కాకపోతే మన కాలికి బదులు చిన్న మోటారొకటి క్లచ్ తొక్కుతుంది. చవకది. అది ఒకటో గేరు నుంచి రెండుకి పోవాలంటే కాస్త ఆలోచిస్తుంది, అందరి చేతా తలూపిస్తుంది, అప్పుడు పోతుంది. బావ ప్యాంటు తడిసింది, అయినా సంబరమే, "నా దగ్గర చేరిన మొదటి వారంలో అందరూ ఇలాగే వేస్తారు!" అని. మూడోది బెల్టు బండి. దానికసలు గేరు మెట్లే లేవు, లోపల రెండు కప్పీల్లాంటి చక్రాల మధ్య ఒక బెల్టు సాగిపోతుంటుంది. గట్టిగా తొక్కితే ముందు ఇంజను అరుస్తుంది, బండి తర్వాత తీరిగ్గా వస్తుంది, అదొక్కటే లోపం. "చుక్క కదలదు మేడం, నాది పూచీ" అన్నాడు టై ఆయన, నా పక్కన కూర్చుని. నిజంగానే వెన్నలా పోయింది. అయినా మలుపు దగ్గర బావ ఒళ్లో నీళ్లు చిందాయి. సైకిలొకటి ఎదురొచ్చింది, మళ్లీ చిందాయి. షెడ్డు గేటు దగ్గర సగం గ్లాసు ఖాళీ. టై ఆయనకి రోషమొచ్చింది. ముందుకి వంగి చూశాడు. "సార్, కదిలింది బండి కాదు సార్, మీ కాలు. నేలనెందుకు సార్ అలా తొక్కుతున్నారు?"

అక్క బండి ఆపేసింది. బావ కుడికాలి వంక చూసింది. మొదటి రెండు బండ్లలో ఆ కాలు చిందించిన నీళ్ల నింద కూడా బండి మీదికే పోయింది, ఇందులో దాక్కోవడానికి చోటు లేదు మరి. "మన బండిలో ఈ కాలి కింద ఏముంటుంది?" అంది. "...బ్రేకు" అన్నాడు. "నేను క్లచ్ వదిలేటప్పుడల్లా ఈ కాలు ఏం చేసేది?" క్లచ్ వదిలే వేళకి బ్రేకు పడితే ఏ బండైనా ఢక్కుమని ఆగిపోదూ! బావ తేలుకుట్టిన దొంగలా గ్లాసు వంక చూస్తున్నాడు. అక్క దిగి, పోయి స్కూలు కార్లో కూర్చుంది. "రండి. కాళ్లు రెండూ సీటు మీదికి ముడుచుకోండి" అంది. అరవయ్యో ఏట మా బావ, తడిసిన ప్యాంటుతో, సీట్లో బాసింపట్టు వేసుక్కూర్చున్నాడు. అక్క క్లచ్ వదిలింది. ఢక్కు లేదు, గుర్రు లేదు. ఒకటి, రెండు, మూడు. షెడ్డు చుట్టూ మూడుసార్లు తిప్పి, రెండు కార్ల మధ్య సూది గుచ్చినట్టు పెట్టింది. అప్పుడు నాకు కోపమొచ్చిందమ్మడూ, నాలుగేళ్లు ఆవిడ తన కాలిని తనే తిట్టుకుంది కదా. "ఎందుకు చేశారు?" అంది అక్క. బావ గొణిగాడు, "రోజంతా ఎవరెవరి పక్కనో కూర్చుంటాను. నీ పక్కన కూర్చునేది ఆ ఆదివారం పూటే. నువ్వు నేర్చేసుకుంటే ఇంక నాతో పనేముంది?" అని.   ఆదివారమంతా ఇద్దరి మధ్యలో నేను, "ఉప్పు కావాలని మీ బావకి చెప్పు", "ఉప్పు అక్కడే ఉందని మీ అక్కకి చెప్పు" అని రాయబారాలు.

సోమవారం పొద్దున అక్క హోటలుకి ఒప్పుకున్నానని కబురు పంపి, షెడ్డుకి పోయి రెండో బండిని చూపించింది. టై ఆయన లబోదిబోమన్నాడు, "మేడం, అది సార్ ప్యాంటు తడిపిన బండి!" అని. "అదే కావాలి" అంది. చవకని కొందనుకున్నాను. పిసినారి అని కూడా అనుకున్నాను. బండి ఎక్కాక తెలిసింది. అక్క స్టీరింగు ముందు కూర్చుని, "కుడికాలు కదిపారో, దింపేస్తాను. ఎడమకాలు మీ ఇష్టం" అంది. బండి ఒకటి నుంచి రెండుకి మారబోయింది, ఆ తలూపుడు వచ్చే క్షణానికి బావ ఎడమకాలు మ్యాట్ మీద నొక్కి వదిలింది. "సెకండు" అన్నాడు. ఆయన ఆ మాట అనగానే అక్క యాక్సిలరేటరు మీంచి కాలు ఒక్క పిసరు తీసేది, అలా తీస్తే ఆ రకం బండి తలూపదు. "థర్డు" అంటాడు, ఈవిడ తీస్తుంది. నెల తిరిగేసరికి, ఆ నీళ్ల గ్లాసు పెట్టినా తొణికేది కాదు. మిగతా రెండు బండ్లలో ఆయనకి పనేముందీ? ఏమీ లేదు. ఏడేళ్లు అలాగే తిరిగారు ఇద్దరూ, తగువులాడుకుంటూ.

ఆయన పోయిన నెలకి హోటలుకి వెళ్తూ నన్ను ఆ సీట్లో కూర్చోబెట్టుకుంది. బండి ప్రతి గేరుకీ మొదటి రోజులాగా తలూపుతోంది. "అక్కా, గేర్‌బాక్సు పోయినట్టుంది, మెకానిక్కుకి చూపించు" అన్నాను. "దానికేం కాలేదురా, చెప్పే మనిషి లేడు" అంది. కాలి కింద చూస్తే, ఎడమ వైపు మ్యాట్‌లో రూపాయి బిళ్లంత చిల్లు. నా ఎడమకాలు దాని మీదే పెట్టాను. నాకేం తెలుసు, నోటికొచ్చినచోట "సెకండు" అన్నాను. బండి ఢక్కుమంది. అక్క నవ్వింది... నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఆఁ?  ఏ రకం కొనాలంటావా? నీ పక్క సీట్లో కూర్చునేదెవరో ముందు అది చెప్పు. ఎందుకే అలా ఎర్రబడతావ్? సరే, సరే, ఇటు తే, రంగులేమున్నాయో చూద్దాం. తెలుపొద్దు, మాసిపోతుంది.